వేయి గంటల చదువు

ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువుకొను బాలబాలికలకు ఏడాదిలో బడి ఎన్ని దినములు జరుగవలెనో, ఎన్ని గంటలు పాఠములు సాగవలెనో మన దేశమున శాసనమే నిర్ణయించినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము ఆ తరగతులకు ఏటికి 220 పనిదినములకును, 1000 బోధన గంటలకును తక్కువ ఉండరాదు. వేయి గంటలనగా సామాన్యమైన కాలము కాదు. బాల్యమున ఒక్కసారి గడచిపోయిన ఈ గంటలు మరల రావు. ఇంతటి కాలమును వెచ్చించి విద్యార్థి ఏమి నేర్చుచున్నాడు? నేర్చిన దానిని ఏమి చేసికొనుచున్నాడు? ఈ ప్రశ్నలను పెద్దలు పిల్లలను అడుగుచునే యుందురు. పిల్లలు తమంతట తాము వేసికొనుట మాత్రము అరుదు. వారు వేసికొనవలెననియే నా కోరిక.

ముందుగా ఎనిమిదవ తరగతి విద్యార్థి సంచిని విప్పి చూతము. అందు తెలుగు, హిందీ, ఇంగ్లీషు వాచకములు మూడు కలవు. గణిత పుస్తకమున అకరణీయ సంఖ్యలు, సమీకరణములు, శాతములు, వడ్డీ లెక్కలు, అనుపాతములు, వైశాల్యములు, ఘనపరిమాణములు కనిపించును. భౌతికశాస్త్రము బలమును, ఘర్షణను, ధ్వనిని, కాంతిని గూర్చి చెప్పును. జీవశాస్త్రము కణమును, సూక్ష్మజీవులను, పంటలను గూర్చి చెప్పును. సాంఘికశాస్త్రమను ఒక్క పేరు క్రింద భూగోళము, చరిత్ర, పౌరనీతి, అర్థశాస్త్రము ఇమిడియున్నవి. ఇవిగాక చిత్రలేఖనము, వ్యాయామము, చేతిపని అనునవి కాలపట్టికలో చోటు చేసికొన్నవి. చూచువారికి ఇది ఒక పెద్ద మూట. మోయువారికి ఇది ఇంకను పెద్ద మూట.

బడిలో గంట మ్రోగును. తెలుగు పంతులుగారు వెడలుదురు. లెక్కల పంతులమ్మగారు ప్రవేశింతురు. పిల్లలు ఒక పుస్తకమును మూసి మరియొక పుస్తకమును తెరతురు. ఇంతవరకు తప్పేమియు లేదు. ఒకే సమయమున ఆరుగురు గురువులు మాటలాడలేరు గదా! కాని పుస్తకముతో పాటు మనస్సును కూడ మూసివేయు అలవాటు మనలో పలువురికి ఏర్పడినది. తెలుగు గంటలో నేర్చిన దానితో లెక్కల గంటకు పనిలేదనియు, లెక్కలలో నేర్చినది భూగోళములోనికి రాదనియు మనము తలంచుచున్నాము. గంట మ్రోగి విభజించునది కాలమునే కాని జ్ఞానమును కాదు. ఈ విషయములన్నియు ఒకే లోకమును తెలిసికొనుటకు ఏర్పడిన పలు మార్గములు. ఒక దానిని విడిచిన విద్యార్థి తక్కినవానిలో కూడ వెనుకబడును. ఈ వ్యాసమున నేను నిరూపింపబూనిన విషయము ఇదియే.

ఈ మాట వినుటకు సులభముగా నున్నది. ఆచరణమున మనము దీనికి విరుద్ధముగా నడచుచున్నాము. ఇండ్లలో పెద్దలు పాఠ్యవిషయములను కూడుపెట్టునవి, పెట్టనివి అని రెండు పంక్తులుగా కూర్చుండబెట్టుదురు. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మొదటి పంక్తిలోనివి. తెలుగు, హిందీ, సాంఘికశాస్త్రము రెండవ పంక్తిలోనివి. చిత్రలేఖనమునకును, ఆటలకును పంక్తిలో చోటే లేదు. పరీక్షలు సమీపించినంతనే ఆటల గంట లెక్కల గంటగా మారును. చరిత్రను పరీక్షకు ముందటి రాత్రి కంఠస్థము చేసి, పరీక్ష ముగిసిన సాయంకాలము మరచిపోవుదురు. పిల్లలును ఈ భేదమును త్వరగా గ్రహింతురు. "ఇది పరీక్షలో వచ్చునా?" అను ప్రశ్న "ఇది ఎట్లు జరుగును?" అను ప్రశ్నను వెనుకకు నెట్టివేయును.

ఈ పద్ధతి వలన కలుగు నష్టము ఎట్టిదో ఊహచేత గాక ఒక దృష్టాంతముచే తెలిసికొందము. వానకాలమున వార్తాపత్రికలలో తరచుగా కనిపించు వార్త యొకటి కలదు: భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము పెరుగుచున్నది, మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయినది, ధవళేశ్వరము వద్ద 10 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రములోనికి విడువబడుచున్నది. ఈ వార్త నాలుగు పంక్తులకు మించదు. దీనిని నిజముగా అర్థము చేసికొనుటకు ఎనిమిదవ తరగతి పుస్తకములలో ఏ యేవి కావలెనో పరిశీలింతము.

మొదట భాష కావలెను. హెచ్చరిక యనగా అపాయము వచ్చినదని కాదు, రాబోవుచున్నదని అర్థము. ఈ భేదమును గుర్తింపలేని వాడు మొదటి హెచ్చరికకే భయభ్రాంతుడై పరుగిడును; లేదా మూడవ హెచ్చరికకు కూడ కదలక కూర్చుండును. పిమ్మట అంకెలు కావలెను. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు చేరినప్పుడు మొదటి హెచ్చరికను, 48 అడుగులకు రెండవ దానిని, 53 అడుగులకు మూడవ దానిని ప్రకటింతురు. 1986వ సంవత్సరము ఆగస్టు మాసమున అచ్చట నీరు 75.6 అడుగుల ఎత్తునకు లేచినది. మూడవ హెచ్చరిక గీతకు పైన ఇరువది రెండడుగులకు మించి నీరు! రెండంతస్తుల ఇంటి ఎత్తు నీరు ఆ గీతపై నిలిచెనన్న మాట. తీసివేత లెక్క చేసిన వానికే ఆ సంఖ్యలోని భయంకరత్వము కనిపించును.

క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఒక ఘనపుటడుగునందు సుమారు 28.3 లీటర్లు పట్టును. కావున 10 లక్షల క్యూసెక్కులనగా సెకనుకు సుమారు 2 కోట్ల 83 లక్షల లీటర్లు. ఇండ్లపై మనము చూచు వేయి లీటర్ల నీటి తొట్లు ఇరువది యెనిమిది వేలకు పైగా ఒక్క సెకనులో నిండగలవు. ఒక దినమునకు 86,400 సెకనులు. అదే వేగమున ఒక దినమంతయు ప్రవహించిన నీరు 8,640 కోట్ల ఘనపుటడుగులు. నూరు కోట్ల ఘనపుటడుగులను ఒక టి.ఎం.సి. అందురు గావున ఇది 86.4 టి.ఎం.సి.లగును. 312 టి.ఎం.సి.లు పట్టు నాగార్జునసాగరమంతటి జలాశయమును ఆ నీరు నాలుగు దినములు గడువక ముందే నింపగలదు. ఈ లెక్కలో గుణకారము, భాగహారము తప్ప కఠినమైనదేదియు లేదు. అయినను ఘనపరిమాణ పాఠమును మార్కుల కొరకే చదివిన వాడు ఈ వార్త చదివినప్పుడు దానిని జ్ఞప్తికి తెచ్చుకొనడు.

ఇంతనీరు ఎచ్చటి నుండి వచ్చినది? ఈ ప్రశ్నకు గణితము సమాధానము చెప్పలేదు; భూగోళము చెప్పును. మహారాష్ట్రమున నాసికకు సమీపమున త్ర్యంబకము వద్ద పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును చేరుచున్నది. త్రోవలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మొదలగు నదులు దానిలో కలియుచున్నవి. భద్రాచలములో చినుకు పడకున్నను వార్ధా, వైనగంగల తీరములలో కుండపోతగా వాన కురిసిన యెడల ఇచ్చట వరద వచ్చును. పటమును చూడనేర్చిన బాలుడు ఈ సంగతిని వ్రేలితో చూపగలడు. నైరుతి ఋతుపవనములు సముద్రము మీది తేమను ఎట్లు మోసికొని వచ్చుచున్నవో, ఆవిరి చల్లబడి నీరెట్లగుచున్నదో విజ్ఞానశాస్త్రము వివరించును. భద్రాచలమును దాటిన నీరు ధవళేశ్వరమును చేరుటకు కొన్ని గంటలు పట్టును. దూరము, కాలము, వేగము అను పాఠము అచ్చట ప్రాణరక్షణ సాధనమగుచున్నది. ఆ గంటలలోనే లంకగ్రామముల ప్రజలను మెరకకు చేర్పవలెను.

ధవళేశ్వరమును తలచినంతనే చరిత్ర ప్రవేశించును. అచ్చటి ఆనకట్ట నిర్మాణము 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ఆరంభమై 1852లో పూర్తియైనది. దానికి ముందు 1833లో గుంటూరు సీమను ఘోరమైన క్షామము పీడించెను. ఒకవైపు నదులు నిండుగా సముద్రమునకు పారుచుండగా మరియొకవైపు జనులు అన్నమునకు అలమటించి మరణించుచుండిరి. ఆనకట్ట కట్టక పూర్వము కాటన్ తమిళదేశమున కావేరిపై చోళులు కట్టించిన పురాతనమగు కల్లణై ఆనకట్టను పరిశీలించెను. లోతైన ఇసుకలో పునాది నిలుపు విధానమును ఈ దేశపు పూర్వుల పనితనమును చూచి గ్రహించితినని ఆయన చెప్పికొనెను. ఒక ఇంజనీరునకు భౌతికశాస్త్రము మాత్రమే చాలియుండినచో కల్లణై వద్దకు పోవలసిన పని ఏమి? వేయేండ్లకు పైబడిన చరిత్ర ఆయన లెక్కలకు తోడు నిలిచినది. చరిత్ర కూడుపెట్టదను వారు గోదావరి డెల్టాలోని పచ్చని వరిచేలను ఒకసారి చూడవలెను.

వరద తీసిన పిదప కథ ముగియదు. బావులలోనికి మురుగు చేరును, అతిసారము వ్యాపించును. ఇప్పుడు జీవశాస్త్రము అక్కరకు వచ్చును. కంటికి కనిపించని సూక్ష్మజీవులు నీటిలో ఉండుననియు, నీటిని మరగించిన యెడల అవి నశించుననియు తెలిసిన బాలిక తన ఇంటిని రక్షింపగలదు. అతిసారము వచ్చిన వానికి లీటరు పరిశుభ్రమైన నీటిలో టీ చెంచాతో అంచుకు సమముగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి త్రాగింపవలెనని వైద్యులు చెప్పుదురు. ఉప్పును, నీటిని ప్రేవులు పీల్చుకొనుటకు పంచదార తోడ్పడును. ఇది జీవశాస్త్రము. ఆరింటికి అర యను నిష్పత్తి గణితము. ఆ పాళ్లు తారుమారైనచో మందు విషమగును. సూచనను సరిగా చదువుట భాష. ఈ మూటిలో ఏ ఒక్కటి లోపించినను మిగిలిన రెండును పసిబిడ్డను కాపాడజాలవు. పరీక్షలో ఒక విషయమున తప్పినను మరియొక విషయపు మార్కులతో సగటు సరిపెట్టవచ్చును. జీవితమున అట్లు సరిపెట్టుటకు వీలులేదు.

మరియొక దృష్టాంతము పొలమునుండి గ్రహింతము. యూరియా ఎరువులో నూటికి 46 పాళ్లు నత్రజని ఉండును. అది 45 కిలోల సంచులలో లభించుచున్నది. అనగా ఒక సంచిలో ఉండు నత్రజని 20.7 కిలోలు మాత్రమే. ఎకరమునకు 40 కిలోల నత్రజని వేయవలెనని వ్యవసాయాధికారి చెప్పెననుకొందము. దానిని 40 కిలోల యూరియా యని భ్రమించిన వాడు సంచి కూడ పూర్తిగా వేయడు; అతని పైరునకు 18.4 కిలోల నత్రజనియే అందును. నిజమునకు రెండు సంచులకు కొంచెము తక్కువగా వేయవలసియుండెను. ఎక్కువ వేసిన మేలనుకొని నాలుగు సంచులు గ్రుమ్మరించువాడు ధనమును పోగొట్టుకొనుటయే గాక పైరును చీడపీడల పాలు చేయును. నీటిని కలుషితము చేయును. అంతటితో ఆగక, పెసర, మినుము వంటి పైరుల వేరుబుడిపెలలో ఉండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చుచున్నవని జీవశాస్త్ర పాఠమున చదివిన విద్యార్థి, తన తండ్రికి ఎరువు ఖర్చు తగ్గించు ఉపాయమును కూడ చెప్పగలడు. శాతముల పాఠమును, మూలకముల పాఠమును, పంటల పాఠమును మూడు వేరువేరు అరలలో దాచుకొన్న వాడు ఈ సలహా ఈయలేడు.

ఇక భాషలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఏలయన నేడు ఎక్కువగా నిర్లక్ష్యమునకు గురియగుచున్నవి అవియే. తెలుగు మనకు ఇంటి భాష గదా, దానిని చదువనేల యని కొందరందురు. ఇంటిలో వినిపించు తెలుగు వేరు. శాస్త్రమును మోయగల తెలుగు వేరు. కిరణజన్యసంయోగక్రియ యను మాటను చూచి పిల్లలు బెదరుదురు. సమాస పాఠమును శ్రద్ధగా చదివిన వానికి ఆ మాట తనంతట తాను విడిపోవును: కిరణముల వలన జన్యమైన సంయోగక్రియ. సూర్యకిరణముల సాయమున ఆకు తన ఆహారమును కూర్చుకొను పని. పేరులోనే పాఠమంతయు ఇమిడియున్నది. ఇంగ్లీషులో దీనిని ఫోటోసింథసిస్ అందురు. గ్రీకు భాషనుండి వచ్చిన ఆ పదమునకు కాంతిచే కూర్చుట యని అర్థము. హిందీలో ప్రకాశసంశ్లేషణ మందురు; దాని అర్థమును అదియే. మూడు భాషలు మూడు భారములుగా తోచినవానికి మూడు పదములు. అర్థము నెరిగిన వానికి ఒకే విషయము, మూడు మారులు దృఢపడినది.

గణితమున తప్పు చేయు విద్యార్థులలో ఎందరో గణితము రాక తప్పు చేయుటలేదు. ప్రశ్నను చదువుట రాక తప్పు చేయుచున్నారు. 'రాముని కంటె సీతకు ఐదు రూపాయలు ఎక్కువ' అనుటకును, 'రాముని కంటె సీతకు ఐదు రెట్లు ఎక్కువ' అనుటకును ఒక్క మాటయే భేదము. ఆ మాటపై మనస్సు నిలుపనివాడు కూడవలసిన చోట గుణించును, గుణింపవలసిన చోట కూడును. అట్టి బాలునికి మరి నాలుగు గంటలు లెక్కలు చెప్పించుటకంటె తెలుగు గంటను నిండుగా విననిచ్చుట మేలు.

భాషకును శాస్త్రమునకును గల ఈ చెలిమి మనకు క్రొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథమును రచించెను. తెలుగు సాహిత్యపు తొలినాళ్లలోనే పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కలను ఛందస్సులో చెప్పిన ఆ కవికి గణితము వేరు, కవిత్వము వేరు అను తలంపు కలుగలేదు. ఇటీవలి కాలమున కట్టమంచి రామలింగారెడ్డిగారు ముసలమ్మ మరణమను కావ్యమును రచించిరి. తెగనున్న చెరువుకట్టను నిలుపుటకు ప్రాణమర్పించిన ఒక ఇల్లాలి కథ అది. ఆయనయే తెలుగున అర్థశాస్త్ర గ్రంథమును కూడ వ్రాసిరి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైరి. ఆ అర్థశాస్త్రమును ప్రకటించిన విజ్ఞానచంద్రికా మండలి 1906లో హైదరాబాదున స్థాపింపబడి, చరిత్రలను, జీవితములను, ప్రకృతిశాస్త్రములను తెలుగువారికి తెలుగుననే అందించుటకు పూనుకొన్నది. భాషను విడిచి శాస్త్రము వృద్ధిపొందదని ఆ మండలి పెద్దలు ఎరుగుదురు.

మన విద్యావేత్తలు కూడ ఈ విషయమును పలుమారులు ఆలోచించిరి. 1937లో వార్ధాలో జరిగిన సభయందు గాంధీజీ చేతిపని కేంద్రముగా నుండు ప్రాథమిక విద్యను ప్రతిపాదించెను. దానికి పాఠ్యప్రణాళిక నిర్మించిన సంఘమునకు జాకీర్ హుస్సేన్ అధ్యక్షుడు. రాట్నము త్రిప్పు బాలుడు నూలు కొలుచుచు గణితమును, పత్తి పండు నేలలను గూర్చి వినుచు భూగోళమును, మన నేతపని క్షీణించిన విధమును తెలిసికొనుచు చరిత్రను నేర్వవలెనని అందలి భావము. ఆ విధానము దేశమంతట నిలువలేదు; కాని అందలి ఆలోచన విలువ తగ్గలేదు. 1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారీ విద్యాసంఘము విజ్ఞానశాస్త్రమును, గణితమును పదవ తరగతి వరకు అందరికిని బోధింపవలెనని సూచించుచు, కార్యానుభవము కూడ విద్యలో భాగము కావలెనని చెప్పినది. తల నేర్చునది, చేయి నేర్చునది వేరు కారాదని ఈ పెద్దలందరి మాట.

మన రాజ్యాంగమును చూడుడు. 1976లో చేర్చబడిన 51ఎ అధికరణము పౌరుల ప్రాథమిక విధులను పేర్కొనుచున్నది. అడవులను, సరస్సులను, నదులను కాపాడుట అందొకటి. శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకొనుట మరియొకటి. ఈ విధులను పౌరనీతి పాఠమున చదివి, సైన్సు గంటలో మరచిన వాడు వానిని ఎట్లు నెరవేర్చగలడు? పౌరనీతి పుస్తకమే విజ్ఞానశాస్త్ర తరగతి తలుపు తట్టుచున్నది. మనము తలుపు తీయవలెను.

చిత్రలేఖనమును, ఆటలను గూర్చి ఒక మాట. ఆకును చూచినంత మాత్రమున ఈనెల అమరిక తెలియదు. దానిని గీయబూనినప్పుడే కన్ను నిజముగా చూచును. నదిని పటముపై గీసిన చేయి దాని వంపులను మరువదు. పరుగు ముగిసిన వెంటనే మణికట్టు పట్టి నాడిని లెక్కించిన బాలునకు గుండె పని గూర్చి పుస్తకము చెప్పుదాని కంటె ఎక్కువ తెలియును. కావున ఆటల గంటను లెక్కలకిచ్చుట లెక్కలకు కూడ మేలు కాదు. అలసిన మనస్సునకు అన్నము తినిపించినను అరగదు.

దీనికి కొందరు ఆక్షేపణ చెప్పుదురు. "అందరికిని అన్నియు రావు. ఒకనికి లెక్కలందు, ఒకనికి భాషయందు, మరియొకనికి చేతిపనియందు సహజమైన అభిరుచి ఉండును. కాలము స్వల్పము; పోటీ తీవ్రము. వచ్చిన దానిపై శ్రద్ధ పెట్టి రానిదానిని విడుచుటయే వివేకము గదా?" ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. పిల్లల శక్తులు భిన్నములు. అన్నిట ప్రథమస్థానమును కోరి వారిని హింసించుట క్రూరము. పేద ఇంటి తలిదండ్రులు బిడ్డ త్వరగా ఉద్యోగస్థుడు కావలెనని ఆశించుటయు తప్పు కాదు. కాని ఎనిమిదవ తరగతి ఎంపిక చేసికొను కాలము కాదు. పదవ తరగతి పిదప ఆ సమయము వచ్చును. పదమూడేండ్ల ప్రాయమున ఒక విషయము రాదని నిశ్చయించువాడు సాధారణముగా దానిని చవిచూడకయే నిశ్చయించుచున్నాడు. చవిచూడని పండును చేదని త్రోసివేయుట వివేకమెట్లగును?

అన్నిట ప్రావీణ్యము కావలెనని నేననుట లేదు. అన్నిటితో పరిచయము కావలెననుచున్నాను. మొదటిది కొందరికే సాధ్యము; రెండవది అందరికిని హక్కు. ముఖ్యముగా, ఇంటిలో పుస్తకములు లేని పిల్లలకు, పై చదువులకు పోవు అవకాశము సందేహముగా నున్న పిల్లలకు, ఈ వేయి గంటలే లోకమును చూచు గవాక్షము. సంపన్నుల పిల్లలు బడిలో విడిచిన సంగీతమును, చిత్రకళను, చరిత్రను మరియొక చోట నేర్వగలరు. పేదల పిల్లలకు ఆ మరియొక చోటు లేదు. బడిలో ఒక విషయమును చులకన చేసినప్పుడు మొదట నష్టపోవువారు వారే. ఈ కారణముచేతనే నేను ఈ మాటను గట్టిగా చెప్పుచున్నాను.

విద్యార్థులారా! మీరు చేయదగిన పని కష్టమైనది కాదు. ఒక చిన్న పుస్తకమును కుట్టుకొనుడు. ప్రతి వారము ఒక్క ప్రశ్నను అందు వ్రాసికొనుడు. ఆ ప్రశ్న మీ ఊరిదే కావలెను. మా చెరువు ఎందుకు ఎండినది? మా ఇంటి విద్యుత్తు బిల్లు ఈ నెల ఎందుకు పెరిగినది? మా ఊరికి ఈ పేరెట్లు వచ్చినది? ఆ ప్రశ్నను ప్రతి గంటకును వెంట తీసికొనిపొండు. లెక్కల గురువుగారిని దాని కొలతలను గూర్చి అడుగుడు. సైన్సు గురువుగారిని కారణమును గూర్చి అడుగుడు. సాంఘికశాస్త్ర గురువుగారిని దాని చరిత్రను, బాధ్యులను గూర్చి అడుగుడు. చివరకు మీరు గ్రహించినదంతయు మంచి తెలుగున ఒక పుటలో వ్రాసి, ప్రక్కన ఒక పటమును గీయుడు. వారమునకొక ప్రశ్న చొప్పున ఏడాదికి ముప్పది ప్రశ్నలైనను పూర్తియగును. మీ ఊరిని గూర్చి అంతటి పుస్తకము మరి యెవ్వరియొద్దను ఉండదు.

గురువులకు కూడ ఒక మనవి. ప్రక్క గదిలో ఈ వారము ఏ పాఠము జరుగుచున్నదో అప్పుడప్పుడు విచారింపుడు. భూగోళమున నదులు జరుగుచుండగా గణితమున ఘనపరిమాణపు లెక్కను నది నీటిపై ఈయవచ్చును. దానికి క్రొత్త పుస్తకము గాని, ధనము గాని అక్కరలేదు. విరామ సమయమున రెండు మాటలు చాలును.

రేపు వానకాలమున గోదావరికి గాని, కృష్ణకు గాని, మీ ఊరి వాగుకు గాని వరద వచ్చును. పత్రికలో ఆ నాలుగు పంక్తుల వార్త మరల అచ్చగును. ఇంటిలోని పెద్దలు "ఎంత నీరు వచ్చుచున్నదట?" అని మిమ్ము అడుగుదురు. సంఖ్యను చదివి ఊరకుండక, అది ఎంత నీరో, ఎచ్చటిదో, మన గుమ్మమునకు ఎప్పుడు చేరునో, ఈలోగా ఏమి చేయవలెనో మీరు చెప్పగలిగిననాడు మీ వేయి గంటలు సార్థకమైనట్లు. ఆనాడు ఇంటివారెవ్వరును ఆ సమాధానమున తెలుగెంత, లెక్క ఎంత, సైన్సు ఎంత అని విడదీసి చూడరు. మీ మాట విని, ధాన్యపు బస్తాలను అటకపైకి ఎక్కింతురు. పశువుల పలుపులు విప్పుదురు. పసిబిడ్డలను ఎత్తుకొని మెరకకు నడతురు.